పంపులు ఆపేలోగా

ఇంటి నుంచి,
సోమవారం మధ్యాహ్నం

అమ్మలూ,

ముందు ఒంట్లో ఎలా ఉందో రాయి, మిగతావన్నీ తర్వాత. మోకాళ్లు ఎలా ఉన్నాయి? మూడో అంతస్తులో గది ఇచ్చారన్నావు, లిఫ్టు ఉందా, ఉంటే రోజూ పనిచేస్తోందా? నీ గదిలో ఉండే లెక్కల మేడమ్‌గారికి బస్సులో పట్టుకున్న జలుబు తగ్గిందా? ఆవిడ తుమ్మినప్పుడు నువ్వు మొహం అటు తిప్పుకో, పైకి మాత్రం ఏమీ అనకు. మీకు పాఠం చెప్పే డైరెక్టరుగారు ఎలా ఉన్నారు? ఆయనకి బీపీ ఉందేమో కనుక్కో. బీపీ మనుషులు చటుక్కున కోప్పడతారు. అక్కడ వంట చేసే మనిషి ఆరోగ్యంగానే ఉందా? గోళ్లు చూశావా?

ఇక్కడ అందరం బాగున్నాం. అల్లుడుగారికి ఎడమ కన్ను కాస్త ఎర్రగా ఉంది. కళ్లద్దాల షాపు పెట్టుకున్న మనిషికే కన్ను ఎర్రబడితే వచ్చినవాళ్లు ఏమనుకుంటారోనని నాకు బెంగ. ఆయన "దుమ్మండీ అత్తయ్యగారూ" అని నవ్వేస్తారు. మీ అమ్మాయి బడికి వెళ్తోంది. నువ్వు ఊళ్లో లేవన్న దిగులు దాని మొహంలో ఎక్కడా కనపడటం లేదు, అదొక దిగులు నాకు. నా చెవి సంగతి తెలిసిందేగా. ఫోను మాత్రం చెయ్యకు. ఫోనులో నీ మాట డబ్బాలో ఈగ తిరిగినట్టు ఉంటుంది, ఇక ఏమన్నావో ఏమోనని రోజంతా ఆలోచిస్తూ కూర్చుంటాను. ఉత్తరమే రాయి. పెద్ద అక్షరాలతో రాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఇన్నేళ్లుగా యూనివర్సిటీలో రాళ్ల పాఠాలు చెబుతున్నావు. ఇప్పుడు నిన్ను తీసుకెళ్లి పాఠం ఎలా చెప్పాలో నేర్పుతున్నారంటే నాకేదో తేడాగా ఉంది. ఎవరైనా నీ మీద ఫిర్యాదు రాశారా? నిజం చెప్పు, నేను తట్టుకుంటాను. తట్టుకోలేను గానీ, చెప్పు. మా రోజుల్లో చదువు రాని వాళ్లనే బడి వదిలాక ఆపేసి మళ్లీ చెప్పేవారు. నన్నూ రెండుమూడుసార్లు ఆపారు, అందుకే అడుగుతున్నాను.

నీ రెండో ఏడాది పిల్లలు నలుగురు వచ్చారు. "అమ్మమ్మా, ఈసారి క్వారీకి మమ్మల్ని ఎవరు తీసుకెళ్తారు?" అని. నాకేం తెలుసు? బిస్కెట్లు పెట్టి పంపాను. వాళ్లలో పొడుగుపిల్ల ఒకతి బిస్కెట్టు తినకుండా నీ బీరువాలో రాళ్లకేసే చూస్తూ నిలబడింది. ఆ పిల్లకి రక్తం తక్కువనుకుంటా.

నీ రాళ్లన్నీ తుడిచాను. ఒకదాని మీద నంబరు చీటీ తడికి ఊడిపోయింది. ఏ రాయిదో తెలియక, చీటీ లేని రాయి ఒకటి కనపడితే దానికి అంటించాను. తలుపుకి అడ్డం పెడతామే, ఆ రాయనుకుంటా.

అమ్మ

*

శిక్షణ కేంద్రం హాస్టలు, మూడో అంతస్తు,
గురువారం

అమ్మా,

మోకాళ్లు బాగున్నాయి. లిఫ్టు ఉంది. దాని మీద "మరమ్మతులో ఉన్నది" అన్న బోర్డు కూడా ఉంది. చూస్తే లిఫ్టు కంటే బోర్డే పాతదిలా ఉంది. లెక్కల మేడమ్‌కి జలుబు తగ్గింది. నువ్వు అడిగావని చెబితే, "నాకూ ఓ ఉత్తరం రాయమనండి మీ అమ్మగారిని, మా ఇంట్లో నా ముక్కు గురించి ఎవరూ ఇంతలా పట్టించుకోరు" అంది. డైరెక్టరుగారికి బీపీ ఉందో లేదో తెలీదు గానీ మాకు తెప్పిస్తున్నారు. వంటమనిషి గోళ్లు చూశాను, నా గోళ్లకంటే శుభ్రంగా ఉన్నాయి. మా ఆయన్ని కంటికి చల్లనీళ్లు కొట్టుకోమను. చిన్నదానికి నా మీద దిగులు లేకపోతే సంతోషమే.

ఫిర్యాదూ లేదు, గిర్యాదూ లేదు. పై హోదా ఇవ్వాలంటే మాకు ఇలాంటి శిక్షణలు పూర్తయి ఉండాలి. నాకు ఒకటి తక్కువైంది, అంతే. ఈ శిక్షణ పేరు "క్షేత్ర పర్యటనల నిర్వహణలో నైపుణ్యాభివృద్ధి". అంటే పిల్లల్ని గదిలోంచి బయటికి తీసుకెళ్లి, చూపించి నేర్పడం ఎలాగో నేర్పుతారు. తలుపులు వేసి, కిటికీలకి తెరలు దించి నేర్పుతారు, లేకపోతే గోడ మీద బొమ్మలు సరిగ్గా పడవు. మా హాలు కిటికీ వెనక నిజంగానే ఓ కొండ ఉంది. మొదటిరోజు తెర కాస్త తప్పించి చూస్తున్నాను. "మేడమ్, దృష్టి ఇటు పెట్టండి" అన్నారు డైరెక్టరుగారు. ఇటు గోడ మీద ఉన్నది కొండ బొమ్మే.

నవ్వు వస్తోంది గానీ, లోపల నవ్వు లేదమ్మా. మన ఊరి బయట క్వారీ ఉంది కదా, ఏటా పిల్లల్ని తీసుకెళ్లేది. అక్కడ రాయి కొట్టడం ఆపేశారు. ఇప్పుడు పంపులు పెట్టి ఊటనీళ్లు తోడుతున్నారు కాబట్టి గుంట ఖాళీగా ఉంది. ఈ నెలాఖరుకి పంపులు కూడా తీసేస్తారు. ఆ తర్వాత నిండేదే. అందులో ఒక గోడ ఉంది, భూమి ఎలా పొరలు పొరలుగా పేరుకుందో పుస్తకం తెరిచి పెట్టినట్టు కనిపిస్తుంది. అలాంటిది మన చుట్టుపక్కల ఇంకోటి లేదు. ఈ ఏటి పిల్లలే దాన్ని చూసే ఆఖరి పిల్లలు. అదీ చూస్తే.

నేను ఇక్కడ ఉన్నాను కాబట్టి మా డిపార్టుమెంటు హెడ్డుగారే తీసుకెళ్తానన్నారు. ఆయన ఆఖరిసారి రాయి ముట్టుకున్నది మా కొత్త భవనం శంకుస్థాపనకి. గంటలో గ్రూపు ఫోటో తీయించి వెనక్కి తీసుకొచ్చేస్తారు. నేను రావడానికి లేదు. ఇక్కడ పూటపూటా మిషను మీద వేలిముద్ర వెయ్యాలి. ఒక్కరోజు పోతే మొత్తం పోయినట్టే, వచ్చే ఏడు మళ్లీ మొదటి నుంచి. అప్పటిదాకా హోదా లేదు.

ఒకటే అంతు చిక్కడం లేదు. ఈ శిక్షణకి వస్తామని మా జూనియర్లు ముగ్గురు బతిమాలారు. ఇంకో నెలలోనైనా నన్ను పంపొచ్చు. హెడ్డుగారు మాత్రం "లేదమ్మా, ఇప్పుడు మీరే వెళ్లాలి, మీకిది చాలా అవసరం" అని పట్టుబట్టారు. ఎందుకో?

తలుపు రాయికి నంబరు ఉండనీ. చీటీ ఊడిన రాయిని మాత్రం విడిగా పెట్టు.

నీ అమ్మలు

*

ఇంటి నుంచి,
ఆదివారం పొద్దున

అమ్మలూ,

నీ ఉత్తరం చూశాక ప్రాణం కుదుటపడింది. ఫిర్యాదు లేదన్నావు, అంతే చాలు. లిఫ్టు మాత్రం ఎక్కకు, ఒకవేళ బాగైనా ఎక్కకు. అన్నాళ్లు ఆగిపోయిన లిఫ్టు ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. అల్లుడుగారి కన్ను తేటపడింది, ఇప్పుడు కుడి కన్ను చూస్తున్నాను. లెక్కల మేడమ్‌గారికి వేరే ఉత్తరం రాస్తాను, ఆవిడకి ముక్కు లోపల ఎముక వంకరేమో చూపించుకోమని.

హెడ్డుగారు నిన్నే ఎందుకు పంపారని తల బద్దలు కొట్టుకోకు. ఆయన మంచివాడు కాబట్టి పంపారు. పోయిన నెల ఆసుపత్రిలో హెడ్డుగారి భార్యా నేనూ పక్కపక్కన కూర్చున్నాం, మా నంబరు వచ్చేసరికి పొద్దెక్కింది. ఊరికే కూర్చోలేక నీ సంగతి చెప్పాను. "మా అమ్మాయి మెట్లు ఎక్కుతుంటే మోకాళ్లు టకటకమంటాయండీ, రాత్రిళ్లు వేణ్ణీళ్ల సంచి పెట్టుకుంటుంది, అయినా ఏటా ఆ క్వారీలో దిగుతుంది, ఒకరోజు అక్కడే పడిపోతుందని నాకు భయం" అని ఉన్న మాటే చెప్పాను. ఆవిడ ఎంత మంచి మనిషనుకున్నావు! అదే రోజు ఆయన చెవిన వేసిందట. ఆయన "అయ్యో, అలాగా, సరిగ్గా ఆ టైముకి ఆవిడని ఎక్కడైనా కుర్చీలో కూర్చోబెడదాం" అన్నారట. నిన్న కూరగాయల దగ్గర కలిసి, "మా ఆయన మాట నిలబెట్టుకున్నారు, చూశారా" అంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఈ రోజుల్లో కింద పనిచేసేవాళ్ల మోకాళ్ల గురించి ఎవరు పట్టించుకుంటారు?

కాబట్టి నువ్వు కుర్చీలో చక్కగా కూర్చో. తెర తీసి కొండ చూడకు. పెద్దవాళ్లు ఇటు చూడమంటే ఇటే చూడాలి. గోడలకేముంది, ఏదో ఒక గోడ ఎక్కడో ఉంటుంది.

పిల్లలు మళ్లీ వచ్చారు. గురువారం హెడ్డుగారితో వెళ్తున్నారట. నీ సుత్తి, భూతద్దం అడిగితే ఇచ్చాను. సుత్తి పదును చూసి నాకు భయం వేసి, దానికి గుడ్డ చుట్టి ఇచ్చాను.

అమ్మ

*

శిక్షణ కేంద్రం హాస్టలు,
బుధవారం

అమ్మా,

ఉత్తరం అందింది. మోకాళ్లు బాగున్నాయి. మొదటి నుంచీ బాగానే ఉన్నాయి. మెట్లెక్కితే చప్పుడు చేస్తాయి, నొప్పి చెయ్యవు. ఆ తేడా నీకు చాలాసార్లు చెప్పాను.

నిన్న ఇక్కడ నమూనా పర్యటన జరిగింది. హాల్లో కుర్చీలు పక్కకి జరిపి నేల మీద సుద్దముక్కతో గీత గీశారు. గీతకి అటు కొండ, ఇటు లోయ. మేమంతా వరసగా నడిచాం. చరిత్ర మాస్టారు ఒకాయన పొరపాటున లోయలో కాలు పెట్టారు, రెండు మార్కులు తీసేశారు. నాకు పదికి ఆరు. "మేడమ్‌కి బయట పనిచేసిన అనుభవం తక్కువగా కనిపిస్తోంది" అని రాశారు. ఆ కాగితం నీ ఉత్తరంలోనే మడిచి పెట్టాను.

హెడ్డుగారి భార్యతో ఇకమీదట దేని గురించీ మాట్లాడకు. ఆరోగ్యాల గురించి అసలే వద్దు.

నీ అమ్మలు

*

ఇంటి నుంచి,
శుక్రవారం

అమ్మలూ,

నీకు కోపం వచ్చిందని తెలిసింది. కాగితం ఒకవైపే రాశావు. లెక్కల మేడమ్ ఎలా ఉందో రాయలేదు, డైరెక్టరుగారి మాట లేదు, ఇంట్లోవాళ్లని అడగలేదు. నీకు చిన్నప్పుడు కోపం వస్తే ఇలాగే, అడిగినదానికి మాత్రమే జవాబిచ్చేదానివి. నీ మోకాళ్ల గురించి ఇక ఎవరికీ చెప్పను. చప్పుడు వినపడేంత చెవి కూడా లేదిప్పుడు నాకు.

కానీ నీ ఉత్తరం ఇవాళ అందింది. నేను మాట్లాడింది మంగళవారం. ఏం చెయ్యను? తిట్టకుండా చదువు.

మంగళవారం ఆసుపత్రిలో మళ్లీ ఆవిడే కనపడింది. "గురువారం మీవారు క్వారీకి వెళ్తున్నారటగా" అన్నాను, ఊరికే, మర్యాదకి. ఆవిడ "అవునండీ, మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తారు" అంది. ఆయన షుగరు మనిషి, తల కూడా తిరుగుతుందని ఆవిడే ఇదివరకు చెప్పింది. అలాంటి మనిషి అక్కడ దిగుతారని తెలిసీ నోరు మూసుకోవడం ఎలా? నువ్వు చెప్పగా విన్నవన్నీ చెప్పాను. మెట్లు రాతిలో కొట్టినవని, పట్టుకోవడానికి కమ్మీ లేదని, కింద నీడ లేదని, ఓ ఏడు ఎవరో కుర్రాడి చెప్పు జారి పోయిందని. చెప్పు ఒక్కటే పోయిందని నువ్వు చెప్పావు, నేను కుర్రాడే జారాడన్నట్టు చెప్పానేమో, గుర్తు లేదు. ఆవిడ మొహం తెల్లబడిపోయింది. మందులు కూడా తీసుకోకుండా ఇంటికి వెళ్లిపోయింది.

బుధవారం మీ డిపార్టుమెంటులో నోటీసు పెట్టారట. "అనివార్య కారణాల వల్ల పర్యటన రద్దు". వాయిదా కూడా కాదు, రద్దు. అల్లుడుగారు చెప్పారు. అనివార్య కారణం నేనే అని ఆయనకి తెలుసు, అయినా నాకు కాఫీ కలిపి ఇచ్చారు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

సాయంత్రం పిల్లలు వచ్చారు. సుత్తి తిరిగిచ్చారు, గుడ్డ కూడా విప్పలేదు. పొడుగుపిల్ల గుమ్మంలోనే కూర్చుండిపోయింది. ఏడుస్తుందేమోనని నేను ఆ గోడలో అంత ఏముందే అన్నాను, మాట మార్చడానికి. చెప్పింది. అందులో చెయ్యి వెడల్పున నల్లటి పొర ఒకటి ఉందట. ఎప్పుడో కొండ పేలి పడిన బూడిదట. నువ్వు ప్రతి ఏడూ అందరినీ మాట్లాడకుండా నిలబెట్టి, ఒక్కొక్కరిని ఆ పొర మీద అరచెయ్యి పెట్టమంటావట, అప్పుడుగాని పాఠం మొదలెట్టవట. పై తరగతి పిల్లలు చెప్పారట దీనికి, అందుకే ఈ చదువులో చేరిందట. "మేం పెట్టకుండానే మునిగిపోతుంది అమ్మమ్మా" అంది.

ఇన్నేళ్లుగా ఇంట్లో రాళ్లు తుడుస్తున్నాను, ఈ సంగతి నువ్వు నాకెప్పుడూ చెప్పలేదు. అడగలేదంటావు. నిజమే, నేను మోకాళ్లే అడిగాను.

అయినా సరే, నువ్వు అక్కడే ఉండు. కదలకు. వేలిముద్రలు వెయ్యి. ఇది పోతే నీ కింద చేరినవాళ్లు నీ పైకి వెళ్తారు, అప్పుడు నువ్వు పైకి ఏమీ అనవు, ఇంటికొచ్చి రాళ్లు సర్దుకుంటూ కూర్చుంటావు. నేనది చూడలేను.

అమ్మ

*

శిక్షణ కేంద్రం హాస్టలు,
సోమవారం, రెండు వైపులా రాస్తున్నాను

అమ్మా,

లెక్కల మేడమ్ బాగుంది. నీ ఉత్తరం అందిన రోజే వెళ్లి ముక్కు చూపించుకుంది, ఎముక నిజంగానే వంకరట. హాస్టలంతా నీ పేరే. చరిత్ర మాస్టారు ఆయన నడుము గురించి నిన్ను అడగమన్నారు. ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు. నువ్వెలా ఉన్నావు? నీ గురించి నువ్వెప్పుడూ రాయవు.

హెడ్డుగారి సంగతి చదివి మొదట కోపం వచ్చింది, తర్వాత మేడమ్‌కి చదివి వినిపించాను. "కుర్రాడి చెప్పు" దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం మంచం మీద పడి నవ్వాం. ఎంత నవ్వానంటే చివరికి ఏడుపు వచ్చింది.

డైరెక్టరుగారి దగ్గరికి వెళ్లాను. ఒక్కరోజు సెలవు ఇమ్మని కాదు. అందరినీ మా క్వారీకి తీసుకెళ్దాం, మా పిల్లలూ వస్తారు, నిజం పర్యటన ఎలా చేస్తామో అక్కడే చూపిస్తాను అన్నాను. ఆయన పాఠ్యప్రణాళిక తీసి, అద్దాలు పెట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా చూశారు. "ఇందులో పర్యటన లేదు మేడమ్" అన్నారు. క్షేత్ర పర్యటనల శిక్షణ కదండీ అన్నాను. "అందుకే. శిక్షణ అయ్యాక మీరు ఎన్ని పర్యటనలైనా చేసుకోవచ్చు" అన్నారు. శిక్షణ అయ్యేసరికి గోడ ఉండదన్నాను. పాపం, ఆలోచించారు. "ఫోటో ఉందా?" అని అడిగారు.

ఇంకో విశేషం. ఈ శిక్షణ ముగింపు సభ ఇరవై ఎనిమిది శనివారం. ముఖ్య అతిథి ఎవరనుకున్నావు? మా హెడ్డుగారే. కార్డు అచ్చయింది. "నాలుగు గోడలు దాటిన బోధన" అన్న విషయం మీద మాట్లాడతారట, ఆ తర్వాత అందరికీ సర్టిఫికెట్లు ఇస్తారట. ఆ హాలుకి మెట్లు లేవు, కాబట్టి ఇంట్లో అనుమతి దొరికే ఉంటుంది.

అమ్మా, నేను ఎప్పుడూ నిన్ను ఇలా అడగలేదు. నాకు ఆ హోదా కావాలి. లేదని ఎవరితోనైనా చెప్పగలను గానీ నీతో అబద్ధం ఎందుకు? నా తర్వాత చేరినవాళ్ల సంతకం కోసం వాళ్ల గది బయట నిలబడటం నాకూ కష్టమే. కానీ ఆ పొడుగుపిల్ల గుమ్మంలో కూర్చుందని రాశావే, అక్కడే ఆగిపోయాను. ఏం చెయ్యమంటావు?

నీ అమ్మలు

*

ఇంటి నుంచి,
బుధవారం, మబ్బుగా ఉంది

అమ్మలూ,

ఇవాళ ఎవరి ఆరోగ్యమూ అడగను, టైము లేదు. ఇక్కడ మబ్బు పట్టింది.

నువ్వు ఏం చెయ్యమంటావని అడిగావు. నన్ను! ఆ ముక్క మూడుసార్లు చదివాను. జవాబు రాద్దామని కూర్చున్నాను, కూర్చోలేకపోయాను. నిన్న అల్లుడుగారి షాపుకి పంపు నడిపే మనిషి అద్దాలు మార్చుకోవడానికి వచ్చాడట. రెండు పంపుల్లో ఒకటి అప్పుడే ఊడదీసి లారీ ఎక్కించారట. రెండోది ఇరవై ఏడు శుక్రవారం పొద్దున ఆపేస్తారట. కిందిమెట్టు ఇప్పటికే మునిగిందట. అది విన్న దగ్గర్నుంచి నాకు కుదురు లేదు. ఇన్నాళ్లూ నువ్వు ఆ గుంటలో పడతావని భయపడ్డాను, ఇప్పుడు ఆ గుంట నువ్వు వెళ్లేలోపే నిండిపోతుందని భయం. కుళాయి తిప్పితే ఆ నీళ్లే గుర్తొస్తున్నాయి. చినుకు పడితే బయటికి పరిగెత్తి చూస్తున్నాను. మీ అమ్మాయి "అమ్మమ్మా, నువ్వు చూస్తే వాన ఆగుతుందా?" అంటుంది. ఆగదు, నాకూ తెలుసు.

నువ్వు వద్దన్నావు గానీ హెడ్డుగారి ఇంటికి వెళ్లాను. మోకాళ్ల మాట ఎత్తలేదు, ఒట్టు. ఆవిడ నన్ను చూడగానే, "మీరు చెప్పబట్టి మా ఆయన దక్కారు" అని కూర్చోబెట్టింది. నేను నీళ్ల సంగతి చెప్పాను. ఆ పిల్లల సంగతి, నల్ల పొర సంగతి, మిగిలిన ఒక్క పంపు సంగతి చెప్పాను. ఆవిడకీ దిగులు పట్టుకుంది. "అయ్యో, పసివాళ్ల ఉసురు మా ఆయనకి తగులుతుందేమో" అని ఆవిడ ఏడుపు. ఆవిడని చూసి నా ఏడుపు. హెడ్డుగారు ఇంటికొచ్చేసరికి ఇద్దరం అలాగే ఉన్నాం. ఎవరు పోయారని అడిగారు పాపం. క్వారీ అన్నాం.

ఆయన చాలాసేపు సర్దిచెప్పబోయారు. మేం ఆగలేదు. ఆఖరికి, "బస్సుకి సంతకం పెడతాను తల్లీ, మీ అమ్మాయి వచ్చి తీసుకెళ్తానంటే తీసుకెళ్లమనండి, నా భోజనం నన్ను చెయ్యనివ్వండి" అన్నారు. అప్పటికప్పుడే కాగితం తెప్పించి సంతకం పెట్టించింది ఆవిడ. బ్యానరు మీద మాత్రం ఆయన పేరే ఉండాలట. ఉండనీ, గోడ మీద రాయరు కదా.

అంచేత రా అమ్మలూ.

రా అని రాసి, రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను. ఒక్కరోజు కోసం నెలంతా నీళ్లపాలు. వచ్చే ఏడు మళ్లీ ఆ హాలు, ఆ తెరలు, ఆ సుద్దగీతలు. మళ్లీ ఆ పక్కబట్టలు, అవి ఎవరు కప్పుకున్నవో. నీ చిన్నవాళ్లు నీ పైన కూర్చుంటారు, నువ్వు బయట నిలబడతావు. నిలబడేటప్పుడు గోడకి ఆనుకో. ఇవన్నీ ఆలోచించాకే రాస్తున్నాను. రా. వద్దనిపిస్తే రాకు. కాదు, రా.

అమ్మ

*

శిక్షణ కేంద్రం హాస్టలు,
శనివారం

అమ్మా,

వస్తున్నాను.

నిన్న వెళ్లి డైరెక్టరుగారికి చెప్పాను. కోప్పడలేదు. కుర్చీ చూపించి, మంచినీళ్లు ఇచ్చి, "ఆఖరి మూడు రోజులకి ఎందుకు మేడమ్ పాడుచేసుకుంటారు?" అన్నారు. మంచి మనిషే, అసలు కష్టం అదే. వెళ్లిపోయేవాళ్లు ఓ దరఖాస్తు నింపాలి, కారణం రాయాలి. "క్షేత్ర పర్యటన" అని రాశాను. ఆయన ఇబ్బందిగా కదిలారు. "ఇలా రాస్తే పైవాళ్లు మా శిక్షణనే వేళాకోళం చేసినట్టు అనుకుంటారు. ఒంట్లో బాగోలేదని రాయండి, వచ్చే ఏడు సీటు ఇవ్వడం సులువవుతుంది" అన్నారు. ఒంట్లో బాగానే ఉందండీ అన్నాను. ఆయన చెప్పినట్టు రాయలేదు, నేను రాసిన కారణం కొట్టెయ్యనూ లేదు. వచ్చే ఏడు సీటు ఇస్తారో లేదో తెలీదు.

లెక్కల మేడమ్ ఆ మూడు రోజులు నా బదులు వేలిముద్ర వేస్తానంది, తన వేలు పనికిరాదని ఆవిడకే తెలుసు. లెక్కల మనిషి, అయినా అంది. చరిత్ర మాస్టారు తనూ వచ్చేస్తానన్నారు, భోజనం దాకా అదే మాట మీద ఉన్నారు.

భయంగా ఉందమ్మా. బాధగా కూడా ఉంది, తెలివితక్కువగా చేస్తున్నానేమోనని. కానీ ఇవాళ పొద్దున హాల్లోకి వెళ్లి నా కిటికీ తెర పూర్తిగా తీసేశాను. కొండ అడుగున ఓ ఎర్రటి పొర ఉంది, ఈ నెలంతా ఎవరమూ చూడలేదు. ఇరవైమంది కిటికీ దగ్గరికి వచ్చి, అదేమిటని అడిగారు. చెప్పాను. డైరెక్టరుగారు కూడా వెనక నిలబడి విన్నారు. తర్వాత దాన్ని "ముఖాముఖి చర్చ" అని హాజరు పుస్తకంలో వేసుకున్నారు.

బుధవారం సాయంత్రం బస్సెక్కి రాత్రికి ఇల్లు చేరతాను. పిల్లలకి నువ్వే చెప్పు. గట్టి బూట్లు వేసుకోమను, నీళ్ల సీసాలు తెచ్చుకోమను. తేదీ, టైము పంపు మనిషిని కనుక్కుని ఖాయం చేసి రాయి. ఆ పని నువ్వు చెయ్యాలి, ఇంకెవరికీ నీ అంత తొందర లేదు.

నీ అమ్మలు

*

ఇంటి నుంచి,
సోమవారం పొద్దున, మబ్బు విడిపోయింది

అమ్మలూ,

ఎలా ఉన్నావు? లెక్కల మేడమ్ ఎలా ఉంది? చరిత్ర మాస్టారిని గట్టి పరుపు మీద పడుకోమని చెప్పు. డైరెక్టరుగారికి నా నమస్కారం చెప్పు, ఆయన మీద నాకు కోపం లేదు. ఈ ఉత్తరం బుధవారం నువ్వు బయల్దేరేలోపు అందాలని అల్లుడుగారి చేత పెద్ద పోస్టాఫీసులో వేయిస్తున్నాను.

పంపు మనిషితో నేనే మాట్లాడాను. అల్లుడుగారు అతని మాటల్ని నా చెవిలో మళ్లీ అరిచి చెప్పారు, షాపులో అందరూ విన్నారు. కిందిమెట్టు మునిగినా నల్ల పొర ఇంకా పైనే ఉందట, మనిషి నడుమెత్తున. గురువారం దాకా నీళ్లు దానికి ఎక్కకుండా ఒక్క పంపుతోనే లాక్కొస్తానన్నాడు. రాత్రి కూడా ఆపొద్దు నాయనా అన్నాను. "మీరు చెప్పాక ఆపుతానా పెద్దమ్మా, మీరు మళ్లీ వస్తారు" అన్నాడు. అద్దాలకి ఫ్రేము మంచిది వెయ్యమని అల్లుడుగారితో చెప్పాను.

పిల్లలందరికీ చెప్పాను. పొడుగుపిల్ల ఇల్లంతా అదిరేలా గెంతింది, నీ బీరువాలో రాళ్లు కదిలాయి. ఈసారి ఏ చీటీ ఊడలేదు. దానికి రక్తం తక్కువనుకున్నాను, అదేం లేదు.

నీ హోదా గురించి ఇంకా దిగులుగానే ఉంది, అబద్ధం చెప్పను. హెడ్డుగారి భార్య "వచ్చే ఏడు సీటు మా ఆయనతో అడిగిస్తాను" అంది. అడిగించొద్దన్నాను. మనం ఆవిడతో ఏం మాట్లాడినా ఎక్కడికో వెళ్లి తేలుతోంది. ఇది నువ్వే చూసుకో. ఇవ్వకపోతే ఇంట్లో ఇద్దరం కలిసి దిగులుపడదాం, నాకు అలవాటే, నీకూ నేర్పుతాను.

బస్సులో ఓ సీటు ఎక్కువుందట. పిల్లలు "అమ్మమ్మా, నువ్వూ రా" అని ప్రాణం తీస్తున్నారు. నేనేం చేస్తాను అక్కడ? మెట్లకి కమ్మీ లేదు, నాకు కళ్లు తిరుగుతాయి, నువ్వు అరిచి చెబితేగాని ఒక్క ముక్క వినపడదు. రానన్నాను. మళ్లీ ఆలోచించాను. నువ్వు అక్కడ దిగుతుంటే నేను ఇంట్లో కూర్చుని గడియారం చూడటం కంటే పైన గట్టు మీద కూర్చుని నిన్నే చూడటం నయం. డ్రైవరు వెనక సీటు నాకు ఉంచమన్నాను. గొడుగు తెస్తున్నాను, నీకూ ఒకటి. మోకాళ్లకి పట్టీ కూడా పెట్టుకున్నాను, నా మోకాళ్లకి.

శుక్రవారం పొద్దున పంపు ఆపేస్తారు. మనం వెళ్లేది గురువారం, ఇరవై ఆరో తారీఖు, పొద్దున ఆరింటికి.

అమ్మ